మాయ కాదు, చిక్కు

మా బడిలో పిల్లలకు ఇప్పుడు అన్నీ మిస్టరీలే. పెన్ను కనిపించకపోతే మిస్టరీ, లెక్క తప్పితే మిస్టరీ, టిఫిన్ డబ్బాలోంచి గుడ్డు పోతే అదీ మిస్టరీనే. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను నేను. మిస్టరీ అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. "గుడ్డు మిస్టరీ కాదురా, ఎవడో తిన్నడు. తిన్నోడు చెప్పకుండ కూసుంటే దాన్ని గుట్టు అంటరు. మనం పట్టుకుంటే రట్టయితది" అంటాను. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఒక మాటైతే నేర్చుకున్నారు కదా అని సరిపెట్టుకుంటాను.

ఈ పట్టింపు నాకు చదువు వల్ల రాలేదు, మా ఇంటి నుంచి వచ్చింది. అది చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, గర్వమే. మా అమ్మది నిడమనూరు. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ల మధ్య పొడుపు కథలు వింటూ, పొడుస్తూ పెరిగిన మనిషి. అర్థం కాని ప్రతిదాన్నీ ఒకే సంచిలో కుక్కడం ఆమెకు నచ్చదు. ఏళ్ల తరబడి మొహం చూపించని చుట్టం మిఠాయి పొట్లంతో దిగాడనుకోండి, "ఏదో మతలబు లేంది గీడికెందుకొస్తడు?" అనేది. అంటే రహస్యం మిఠాయిలో లేదు, మనిషి మనసులో ఉంది. రెండు చీరలు కొంటే మూడోది ఊరికే ఇస్తామని దుకాణదారు అంటే అది తిరకాసు. మాటలన్నీ అయిపోయి, అందరూ లేవబోతుంటే ఎవరో ఒకరు చివర్లో ఒక షరతు కలిపారా, అది మెలిక. ఎంత తిప్పినా రాని సీసా మూత అడుగున తడితే ఊడి వచ్చిందనుకోండి, అది కిటుకు. ఇప్పుడే ఇక్కడ పెట్టిన తాళంచెవి చూస్తూ ఉండగానే లేకుండా పోతే మాయ. కోడి పొదిగిన గుడ్లలోంచి బాతుపిల్లలు వచ్చి నీళ్లలోకి దిగితే, గట్టున కోడి గోల పెడుతుంటే, "సోద్యం సూడండే" అని మమ్మల్ని పిలిచేది. అయోమయం మాత్రం బయట ఎక్కడా ఉండదనేది. అది మన బుర్రలోనే ఉంటుందట.

అన్నిటికంటే గట్టిగా ఆమె విడదీసి చెప్పింది చిక్కునూ ముడినీ. ముగ్గురు ఆడపిల్లలం. పొద్దున్నే వరసగా కూర్చోబెట్టి తలలు దువ్వేది. జుట్టు తనంతట తను పడేది చిక్కు, చేత్తో ఎవరో వేసేది ముడి. "ముడైతే ఎవలేసిన్రని అడగాలె. చిక్కైతే ఎవల్నీ అడిగే పని లేదు, దువ్వెన పట్టాలె" అనేది. చిక్కును నెత్తి దగ్గర నుంచి లాగితే వెంట్రుకలు తెగుతాయి, పిల్ల ఏడుస్తుంది. అందుకని కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వచ్చేది. ఆ దువ్వెన కింద కూర్చుని పెరిగిన వాళ్లం మేము.

ఇంకో సంగతి చెప్పకపోతే మా ఇల్లు అర్థం కాదు. మా ఇంట్లో పొడుపు కథ విప్పలేని వాళ్లు ఊరు ఇచ్చుకోవాలి. అమ్మ నాట్ల దగ్గర నుంచి తెచ్చిన ఆచారం అది. విప్పలేను అని ఒప్పుకుని, ఒక ఊరి పేరు చెప్పి, "ఇచ్చిన" అంటేనే అవతలివాళ్లు జవాబు చెబుతారు. పెళ్లిళ్లయి తలా ఒక ఊళ్లో స్థిరపడ్డాక ఎవరి ఊరు వాళ్లకు ఆస్తి అయింది. పెద్దక్కది మిర్యాలగూడ, చిన్నక్కది కోదాడ, నాది సూర్యాపేట. ఆదివారం మధ్యాహ్నం వంటలయ్యాక ముగ్గురం ఫోన్లో కలిసేవాళ్లం. పెద్దక్క దగ్గరే ఉండే అమ్మ తీర్పరి. నేను సూర్యాపేటను ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్క లేదు. పోగొట్టుకున్న వారమంతా చిన్నక్క ఫోన్ చేసి, "ఏమే, నా సూర్యాపేటలో ఎండలెలా ఉన్నాయి? జాగ్రత్తగా చూసుకుంటున్నావా?" అని దెప్పేది. కోదాడలో గాజుల దుకాణం పెట్టుకుని, అటు ఆంధ్రా బేరగాళ్లతో మాట్లాడీ మాట్లాడీ దాని మాటకు ఆ సాగుడు వచ్చింది. ఆ సాగుడుతో దెప్పితే ఇంకా మండేది నాకు.

మిర్యాలగూడ మాత్రం ఎప్పుడూ చెయ్యి మారలేదు. పెద్దక్క ఊరు ఇచ్చే మనిషి కాదు. బస్సులో కండక్టర్. మిర్యాలగూడలో ఎక్కితే నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ, మునగాల, సూర్యాపేట. ఆ దారంతా ఆమె గొంతు తెలిసిన దారే. ఆడవాళ్లకు ఉచితం అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. ఆ గుంపులో నిలబడి, "ఆధార్ కార్డు చేతిల పట్టుకోండమ్మా, సంచిల ఎతుకుడు పెట్టుకోకండి" అని ఒక్క కేక వేస్తే చివరి సీటు దాకా కార్డులు లేచేవి. ఆ కేక నా సొంతమైనట్టు నేను మురిసిపోయేదాన్ని. పొడుపు కథలు కూడా ఆ బస్సులోనే అల్లేది. "కడుపు నిండ కాయిదమే, నోట్లె కాయిదమే, నమిలింది మాత్రం లేదు, ఏంది?" అని ఒకసారి అడిగింది. పుస్తకాల అలమర అన్నాను నేను. కాదు, టికెట్ మిషన్. పోయింది సూర్యాపేట.

ఆ గొంతే ఒక పొద్దున ఆగిపోయింది.

డ్యూటీకి బయలుదేరబోతూ చాయ్ గ్లాసు వదిలేసిందట. కుడి చెయ్యి పడిపోయింది, మూతి కొంచెం వంకర పోయింది. రైస్ మిల్లులో పనిచేసే బావ ఆ వేళకు ఇంట్లోనే ఉండడం మా అదృష్టం. వెంటనే ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికాడు. పక్షవాతమే కానీ ప్రాణానికి భయం లేదన్నారు. కొన్నాళ్లకు చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది, మూతి సర్దుకుంది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది అంతా అర్థమయ్యేది. నవ్వాల్సిన చోట నవ్వేది, కోప్పడాల్సిన చోట కనుబొమలు ముడిచేది. చెంబు కావాలంటే చెంబు వైపు చూసి, నోరు తెరిచి, "అది... అది..." అని ఆగిపోయేది. చెంబు అంటే ఏమిటో తెలుసు. ఆ పేరే దొరికేది కాదు. మూడు ఊళ్లకు వినపడేలా అరిచిన మనిషి అలా వెతుక్కుంటుంటే నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక పేరు పెట్టారు. ఒకావిడ మాయరోగం అంది. మరొకావిడ బావను పక్కకు పిలిచి, ఎవరో గిట్టనివాళ్లు ఏదో చేయించారని, నాగార్జున సాగర్ దగ్గర ఒకాయన ఉన్నాడని, తీసుకెళ్లి చూపించమని చెవిలో ఊదింది. బావ పాపం మంచివాడు, పైగా భయపడి ఉన్నాడు. పోయివద్దామా అన్నట్టు అమ్మ వైపు చూశాడు. ఎదుటివాళ్ల మాట కొట్టిపారేయడం అమ్మకు అలవాటు లేదు. అంతా విని, తీరిగ్గా చెప్పింది.

"మాయయితే మంత్రమేసేటోడు గావాలె. ముడైతే ఏసినోన్ని పట్టుకోవాలె. నా బిడ్డకు గవేం లేవు. దాని మాటలన్నీ దాని లోపట్నే ఉన్నయి, చిక్కు పడ్డయి. చిక్కు తీసుడు నాకొస్తది."

డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పింది, ఆమె పద్ధతిలో. మాటలు పోలేదు, వాటి దగ్గరికి వెళ్లే దారి తెగింది, రోజూ సాధన చేయిస్తే కొత్త దారి పడుతుంది, ఎంత పడుతుందో ఇప్పుడే చెప్పలేం అంది. నోటికి చేయించాల్సిన సాధన చూపించి పంపింది. అమ్మ ఒక్క రోజు మానలేదు. సాగర్ ప్రయాణం మాత్రం ఆగిపోయింది.

అసలు దిగులు వేరే ఉంది. ఉద్యోగం. మాట రాని కండక్టర్ బస్సులో ఏం చేస్తుంది? డిపో వాళ్లు మంచిగానే మాట్లాడారు. లోపల కుర్చీ పని ఏదైనా చూద్దాం, జీతానికి ఇబ్బంది రాదు అన్నారు. బావ ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నక్కా నేనూ కూడా హమ్మయ్య అనుకున్నాం. పెద్దక్క మాత్రం అడ్డంగా తల ఊపింది. కిటికీలోంచి రోడ్డు వైపు చెయ్యి చాపి, "అది... అది..." అంది. ఏది అని ఎవరమూ అడగలేదు. అందరికీ తెలుసు.

మొదటి కొస బావకు దొరికింది. ఒకరోజు స్నానాల గదిలోంచి ఆమె గొంతు వినిపించిందట. నీళ్లు పోసుకుంటూ, పాట పాడినట్టు, "నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ, మునగాల" అని వరసగా అనేస్తోంది. బయటికి వచ్చాక హుజూర్‌నగర్ అనమంటే అనలేకపోయింది. వరసలో ఉంటే వస్తుంది, విడిగా అడిగితే రాదు. ఏళ్ల తరబడి వరసగా పలికినవి ముందు రావడం మామూలేనని డాక్టరమ్మ అంది. అమ్మకు అంత వివరం అక్కర్లేదు. "సూడు, కొస దొరికింది" అంది. ఆ రోజు నుంచి తను నేరేడుచర్ల అనేది, పెద్దక్కతో హుజూర్‌నగర్ అనిపించేది. తర్వాత ఆదివారం అనేది, సోమవారం అనిపించేది. ఉప్పు అని ఆగితే కారం వచ్చేది.

ఇక మేము చేసిన తెలివితక్కువ పని. దసరా సెలవుల్లో చిన్నక్కా నేనూ మిర్యాలగూడ వెళ్లాం. పెద్దక్కకు హుషారు రావాలని పొడుపు కథలు మొదలుపెట్టాం. చిన్నపిల్లలకు వేసేవి ఏరి ఏరి వేశాం. నేను అడిగాను: "పొద్దున పొడుగు, మాపటికి పొడుగు, మిట్టమధ్యాహ్నం కాళ్ల కింద ముడుసుకుంటది, ఏంది?" పెద్దక్కకు తెలుసు. కళ్లలో కనిపిస్తూనే ఉంది. గోడ మీద పడిన నీడ వైపు చూసింది, పెదాలు కదిపింది, మాట రాలేదు. నుదుటి మీద చెమట పట్టింది. చూడలేకపోయాను.

"పర్వాలేదక్కా, నువ్వు ఊరేం ఇయ్యక్కర్లేదు. నేనే చెప్పేస్తా" అన్నాను.

"అవునక్కా, ఇప్పుడు ఊళ్లెందుకులే. ఊరికే సరదాకి కదా" అని చిన్నక్క తోడైంది.

పెద్దక్క ముఖం ఎర్రబడింది. ఒళ్లో ఉన్న పల్లీల పళ్లెం విసురుగా పక్కకు తోసింది. పల్లీలు నట్టింటి నిండా దొర్లాయి. మాకేమీ అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. అమ్మ లేవలేదు, పల్లీలు ఏరలేదు, ఓదార్చలేదు. తీర్పరి గొంతుతో అడిగింది.

"ఏందే పెద్దదానా, ఇప్పుతవా, ఊరిస్తవా? ఇప్పరాకపోతే మిర్యాలగూడ ఇయ్యి. అందరికున్న నాయమే నీగ్గూడ."

పెద్దక్క అమ్మ వైపు సూటిగా చూసింది.

"ఇయ్య."

వరసలో కొట్టుకొచ్చిన మాట కాదది. ఎవరూ అందించింది కాదు. తను కావాలనుకుని, ఏరుకుని, పలికిన మాట. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నక్క ఏడ్చేసింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. పెద్దక్క మాత్రం గెలిచినట్టు మమ్మల్ని చూసి, "ఇయ్య, ఇయ్య" అని ఇంకా రెండుసార్లు అంది. ఊరు అక్కర్లేదు అని మేము దయ చూపించడమే ఆమెను కాల్చిందని అప్పుడు తెలిసింది. ఆటలోంచి తీసేసి పక్కన కూర్చోబెట్టాం కదా, డిపోలో కుర్చీ వేస్తామన్నట్టే.

ఊరు ఇవ్వనన్నాక కథ విప్పి తీరాలి. జవాబు ఎవరం చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. సెలవులు అయిపోయి నేను సూర్యాపేట వచ్చేశాను. బడి తెరిచిన రోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. పెద్దక్క నంబరు. ఎత్తితే అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. నేనూ మాట్లాడలేదు. గంట కొట్టారు, పిల్లలు లోపలికి పోతున్నారు, ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని నిలబడ్డాను.

"నీడ" అంది పెద్దక్క. అని ఫోన్ పెట్టేసింది. దర్పం చూడండి. ఆ రోజు క్లాసులో పాఠం చెప్పలేదు నేను, పిల్లలందరికీ పొడుపు కథలే వేశాను.

ఆ తర్వాత మేము జాలి మానేశాం. కష్టమైనవే పొడిచాం. ఆదివారం ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. ఆమె జవాబు కోసం వెతుక్కునేంత సేపూ మిగతా ముగ్గురం నోరు మూసుకుని ఉండేవాళ్లం. ఒక్కోసారి నా కూర మాడిపోయేది. మాటలు ఒకటొకటిగా వచ్చాయి. కొన్ని వంకరగా వచ్చి మళ్లీ సరిగ్గా వచ్చాయి. చెంబు వచ్చింది, దువ్వెన వచ్చింది, ఆధార్ వచ్చింది. తిట్లు మాత్రం చకచకా వచ్చేశాయి, చిన్నక్క దుకాణంలో స్పీకర్ పెట్టుకుని విని మురిసిపోయేది. వేసవి దాటేసరికి ఆమె డిపోకు వెళ్లి, కుర్చీ చూపించిన ఆయనతో, ఆగి ఆగి, "బస్సు... ఇయ్యుండ్రి సార్" అంది. ముందు ఒప్పుకోలేదు. పరీక్షలు చేయించారు, కాయితాలు తెప్పించారు, కొన్నాళ్లు వేరే కండక్టర్‌తో కలిపి తిప్పారు. చివరికి పాత దారే ఇచ్చారు. మాట తడబడితే ఇబ్బంది లేకుండా ఒక విజిల్ కూడా చేతిలో పెట్టారట. బండి కదలాలంటే ఊదితే చాలు, నోరు నొప్పి పెట్టుకోవద్దన్నారట.

ఆమె ఒంటరిగా డ్యూటీ ఎక్కిన మొదటి వారంలో, చెప్పకుండా, మిర్యాలగూడలో వెనక తలుపు నుంచి ఎక్కి మూల సీట్లో కూర్చున్నాను. కొంగు కొంచెం ముందుకు లాక్కున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దక్క ముందు నుంచి వస్తోంది. కేకలు లేవు ఇప్పుడు. ఒక్కొక్కరి దగ్గర ఆగి, "ఆధార్... సూపియ్యమ్మా" అంటోంది. నా పక్కన కూర్చున్న ముసలామె అడిగింది: "ఈ కండక్టరమ్మ ఏందమ్మా, అంత నిదానంగ మాట్లాడ్తది? ఏమన్న మర్మముందా?"

"మర్మం గిర్మం ఏం లేదు పెద్దమ్మా. మా అక్క. మాటల చిక్కు తీసుకుంట వస్తున్నది" అన్నాను. ముసలామె ఒకసారి నన్నూ ఒకసారి అక్కనూ చూసి, కార్డు ముందే తీసి చేతిలో పట్టుకుంది.

పెద్దక్క నన్ను చూసింది. అందరినీ అడిగినట్టే కార్డు అడిగి, సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టింది.

హుజూర్‌నగర్‌లో సగం బస్సు దిగి, అంతకు రెండింతలు ఎక్కారు. అందరూ సర్దుకున్నారు. ఇక బండి కదలాలి. పెద్దక్క మెట్టు దగ్గర నిలబడి నోరు తెరిచింది. మాట రాలేదు. వెనక ఇంకో బస్సు హారన్ కొడుతోంది. ఒకాయన, "పోనియ్యమ్మా, లేటయితున్నది" అని విసుక్కున్నాడు. విజిల్ ఆమె మెడలోనే వేలాడుతోంది. ఊదేస్తే అయిపోతుంది. ఆ మాట నా నాలుక చివర ఉంది, నేను అరిచినా బస్సు కదులుతుంది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "నువ్వు చెప్పక్కా, చెప్పినంకనే తీస్త" అన్నాడు. గేరు మీద పెట్టిన చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. నిండు బస్సు మా అక్క నోటి వైపు చూస్తూ ఆగింది.

"రైట్" అంది పెద్దక్క.

బస్సు కదిలింది.